ఎడమచేతి విల్లు

భీమరాజు టెంట్లు అమ్మేవాడు. షువైఖ్‌లో అబూ సాలెం గారి దుకాణంలో పదేళ్లు దాటి అదే పని. చలికాలం వచ్చిందంటే కువైట్‌లో సగం జనం ఎడారికి పోయి డేరాలు వేసుకుని కూర్చుంటారు కాబట్టి, ఆ నాలుగైదు నెలలూ అతనికి తల గోక్కోవడానికి తీరిక దొరికేది కాదు. ఏ టెంటు గాలికి నిలబడుతుంది, ఏది మొదటి దుమ్ముగాలికే లేచిపోయి పక్కవాళ్ల నెత్తిన పడుతుంది, ఏ స్టవ్వు మీద చాయ్ తొందరగా కాగుతుంది, అన్నీ అరబ్బీలో గడగడా చెప్పేవాడు. మనిషి సన్నగా పొడుగ్గా వెదురుబొంగులా ఉంటాడు. పేరేమో భీమరాజు. హిందీ తెలిసినవాళ్లెవరైనా అతని ఇఖామా, అదే నివాస అనుమతి కార్డు, చూస్తే, కార్డునొకసారీ మనిషినొకసారీ చూసి నవ్వు ఆపుకునేవాళ్లు.

ఆ ఏడు ఎండలు తగ్గుముఖం పట్టే వేళకి దుకాణంలోకి విల్లులు వచ్చాయి.

నాటకాల్లో రాముడు పట్టుకునే రకం కావవి. రెండు కొసలా చక్రాలు, వాటి మీంచి అటూ ఇటూ మెలికలు తిరిగిన తాళ్లు, మధ్యలో లోహపు పిడి. సైకిలు విప్పదీసి మళ్లీ తప్పుగా బిగించినట్టున్నాయి. కాంపౌండ్ విల్లులంటారట, వేటకి వాడతారట. అబూ సాలెం వాటిని గోడకి వరసగా తగిలించి, ఇవి అమ్మే పూచీ నీదేనని భీమరాజుతో చెప్పి చాయ్ తాగడానికి వెళ్లిపోయాడు.

వచ్చిన మొదటి ఆసామీ నడివయసు కువైటీ. ఏటా స్నేహితులతో కలిసి దక్షిణాఫ్రికా వెళ్తాడు. అక్కడ వేట కోసమే జింకల్ని పెంచే పెద్ద పెద్ద ఎస్టేట్లున్నాయి. ఈసారి తమ్ముణ్ణి కూడా తీసుకెళ్తున్నానని, కొత్తగా మొదలుపెట్టేవాడికి ఎంత బిగువున్న విల్లు ఇవ్వాలని అడిగాడు. భీమరాజు టెంట్లమ్మే ధీమాతోనే, ఎంత బిగువుంటే అంత మంచిదన్నాడు. ఆసామీ అతన్ని పైనుంచి కిందికి చూసి, నువ్వెప్పుడైనా ఒక్క బాణమైనా వేశావా అని మెల్లగా అడిగాడు. అబద్ధం నోటి దాకా వచ్చింది గానీ బయటికి రాలేదు. నేర్చుకున్నాక కబురు చెయ్యి, అప్పుడొస్తాను అని నవ్వి వెళ్లిపోయాడాయన.

అబూ సాలెం అంతా విన్నాడు, కోప్పడలేదు. ఆ బృందం తమతోపాటు విల్లుల బాగోగులు చూసేవాణ్ణి ఒకణ్ణి తీసుకెళ్తుందనీ, ఫిబ్రవరి సెలవులకి ప్రయాణమనీ, నేర్చుకుంటే నిన్నే పంపిస్తాననీ అన్నాడు. నీకూ ఒక వేట దక్కుతుందని ఆశ కూడా పెట్టాడు.

ఆ మాట భీమరాజు మనసులో ముల్లులా దిగి ఉండిపోయింది. అతనిది ముమ్మిడివరం దగ్గర. కోనసీమలో పుట్టినవాడికి అడివంటే ఏం తెలుస్తుంది? కొబ్బరితోట, అరటితోట, కాలవగట్టు. ఊళ్లో అతను చూసిన క్రూరజంతువు ముంగిస. అందుకే కాబోలు, తెల్లారగట్ల చెట్టు చాటున ఊపిరి బిగపట్టి నిలబడటం, ఎదర పొదలు కదలటం, ఇవన్నీ తలుచుకుంటుంటే వయసు ముప్పై ఐదు దాటిందన్న సంగతే గుర్తు రాలేదు.

దుకాణం సరుకంతా సబ్హాన్‌లో ఒక గోదాములో ఉంటుంది. యజమాని అనుమతి తీసుకుని, పని అయిపోయాక భీమరాజు అక్కడికి వెళ్లడం మొదలుపెట్టాడు. పెద్ద అట్టపెట్టెలో పాత తివాచీలు కుక్కి గోడకి ఆనించాడు. పాఠాలకి ఫోనులో వీడియోలు. గోడ మీది విల్లుల్లో అన్నిటికన్నా అందంగా ఉన్నదాన్ని తెచ్చుకున్నాడు. అది అన్నిటికన్నా బిగువైనది కూడానని లాగితే గానీ తెలియలేదు. మొదటిసారి లాగేటప్పుడు విల్లు ఆకాశానికి లేచింది, నడుం పక్కకి వంగింది, నారి మాత్రం జానెడు కదిలింది. పట్టుదల మీద లాగగా లాగగా ఒకరోజు పూర్తిగా వచ్చింది. బాణం వదిలేసరికి నారి ఫెడీమని వచ్చి ఎడమచెయ్యి లోపలివైపు తగిలింది. వంకాయరంగు చారిక తేలింది.

అతని భార్య జ్యోతిలక్ష్మి ఫర్వానియాలో ఒక ప్రైవేటు క్లినిక్కులో నర్సు. అన్నం వడ్డిస్తూ ఆ చారిక చూసింది.

"ఏటండీ అది?"

"టెంటు కర్ర తగిలింది."

"టెంటు కర్ర మోచెయ్యి లోపలేపు తగుల్తాదా? చెప్పడం ఇష్టం లేకపోతే మానెయ్యండి. నర్సుకి మాత్రం అబద్ధం చెప్పకండి."

భీమరాజు చెప్పేశాడు. ఆమె నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, మందు రాసింది. తర్వాత నవ్వు మానేసి, కాలవలో ఈత నేర్చుకునే పిల్లాడికైనా ఒడ్డున ఒకళ్లుంటారు, ఎవరైనా గురువుని చూసుకోండి అంది.

గురువు దొరకడం అంత తేలిక కాలేదు. విలువిద్య నేర్పే క్లబ్బు ఒకటుందంటే వెళ్లాడు. అక్కడివాళ్లు మర్యాదగానే మాట్లాడారు గానీ, వాళ్లు నేర్పేది రంగురంగుల వలయాల మీద వేసే పోటీ ఆట, అదీ చిన్నపిల్లలకి. వేట సంగతి మాకు తెలియదన్నారు. ఇంకొకాయన పెట్టిన వేట ఫోటోలు చూసి, భీమరాజే ఆయనకి ఫోను చేశాడు. ఆయన పాఠం మొదలుపెట్టకముందే ఏమేం కొనాలో చెప్పుకుపోయాడు. ప్రత్యేకమైన బూట్లు, ప్రత్యేకమైన చొక్కా, చేతిక్కట్టుకునే ట్రిగ్గరు, అన్నీ తన దగ్గరే ఉన్నాయట. అమ్మేవాడి ధోరణి అమ్మేవాడికి తెలియకుండా ఉంటుందా? భీమరాజు నమస్కారం పెట్టి ఫోను పెట్టేశాడు.

ఈలోగా గోదాములో బాణాలన్నీ ఎడమవైపుకే పోతున్నాయి. సరిగ్గా అట్టపెట్టె మధ్యకి గురిచూసినా పక్కనున్న పరుపుల కట్టలోకి వెళ్లి దిగుతున్నాయి. ఆ ఏడు కొత్తగా తెప్పించిన స్లీపింగ్ బ్యాగులవి. దూది బయటికొచ్చి గోదామంతా ఎగరసాగింది. చివరికి ఒక సాయంత్రం, బాణాలతో పనేముంది, ఊరికే లాగడం సాధన చేద్దామని, బాణం లేకుండా నారి లాగాడు. చెయ్యి జారింది. తుపాకీ పేలినట్టు చప్పుడైంది. కళ్లు తెరిచి చూసేసరికి నారి చక్రాల మీంచి ఊడి వేలాడుతోంది, విల్లు ఒక పక్కకి మెలిపడిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆ విల్లునీ, చిల్లులు పడ్డ పరుపునొకదాన్నీ తీసుకెళ్లి అబూ సాలెం బల్ల మీద పెట్టి జరిగినదంతా చెప్పాడు. అబూ సాలెం విల్లుని పక్కకి జరిపాడు. తర్వాత భీమరాజుని చేతులు చాపమన్నాడు. అటూ ఇటూ తిప్పి చూసి, వేళ్లన్నీ ఉన్నాయి, అల్‌హందులిల్లా అన్నాడు. ఈ నారిని మళ్లీ ఎక్కించగల మనిషి తనకి తెలిసి ఒక్కరే ఉన్నారట. వఫ్రాలో తోట ఉన్న నూరియా, ఆవిడా విల్లుతో వేటకి వెళ్లిన మనిషే. ముప్పై ఏళ్లు బళ్లో ఆటల టీచరుగా చేసింది, అబూ సాలెం కూతురికీ ఆవిడే నేర్పింది. అరుస్తుంది, ఎదురు చెప్పకు అని హెచ్చరించి పంపాడు.

వఫ్రా దక్షిణాన దూరం. రోడ్డు పొడుగునా ఇసక, ఆ తర్వాత హఠాత్తుగా తోటలు. నూరియా తోట గేటు తీసి నాలుగడుగులు వేశాడో లేదో ఖర్జూరపు చెట్ల మధ్యనుంచి ఒక అడవిపంది తననే చూస్తోంది. భీమరాజు గేటు బయటికి వచ్చేశాడు. కాసేపటికి పంది కదలలేదని గమనించి మళ్లీ లోపలికెళ్లాడు. ఫోముతో చేసిన బొమ్మ. ఇంకొంచెం ముందుకెళ్తే జింక, ఆ వెనకాల మరో జింక, సరుగుడు చెట్టు కింద ఒక దుప్పి. అన్నిటి ఒంటి మీదా బాణాలు దిగిన గుర్తులు.

నూరియాకి అరవై దాటి ఉంటాయి. పొడుగాటి నల్ల అబాయా కింద ట్రాక్ ప్యాంటు, కాళ్లకి పరుగుపందెపు బూట్లు. ఉద్యోగం మానేసి ఏళ్లయినా మెళ్లో విజిలు అలాగే ఉంది. అందరూ ఆమెని అబ్లా అంటారు, బడిపిల్లలు టీచరమ్మని పిలిచే పిలుపది. భీమరాజూ అలాగే పిలిచాడు. ఆమె విల్లు అందుకుని ఒక్క చూపు చూసింది.

"బాణం లేకుండా వదిలావు, బాణానికి పోవాల్సిన ఊపంతా విల్లుకే తగిలింది," అంది అరబ్బీలో. అడగడం కాదు, చెప్పడమే.

"అవునబ్లా."

"ఎవరు నేర్పారు?"

"ఫోను."

"ఫోను నీ భుజాన్ని చూడగలదా?"

భీమరాజు ఎదురు చెప్పలేదు. ఆమె విల్లుని ఒక ఇనుప చట్రంలో బిగించి, మర తిప్పి కొసల్ని దగ్గరికి లాగి, నారి ఎక్కించే పని చూస్తూ, బాణాలు ఎటు పోతున్నాయని అడిగింది. ఎడమకన్నాడు. ఆమె మర తిప్పడం ఆపి, అతని రెండు చేతులూ ముందుకి చాపించి, వేళ్ల మధ్య చిన్న కిటికీ చేయించింది. అందులోంచి దూరాన ఉన్న నీళ్లట్యాంకుని చూడమంది. కుడికన్ను మూసినప్పుడు ట్యాంకు మాయమైంది... కాదు, ఎడమకన్ను మూసినప్పుడు. రెండుసార్లు చేసి చూసుకున్నాడు. ఎడమకన్ను మూస్తే ట్యాంకు కిటికీలో లేదు.

"నీ కన్ను ఎడమది, చెయ్యి కుడిది. ఇద్దరూ పోట్లాడుకుంటే మధ్యలో అబూ సాలెం పరుపులు చచ్చాయి," అంది ఆమె. "కన్నుని మార్చలేం. చేతిని మార్చు."

నేర్పుతారా అని అప్పుడు అడిగాడు. ఆమె అతని వెనక వాలిపోయి ఉన్న తన డేరా వైపు చూసింది. నువ్వు టెంట్లవాడివి కదా, దాన్ని నిలబెట్టు, ప్రతి శుక్రవారం రా అంది. భీమరాజు ఆ మధ్యాహ్నమే గుంజలు మార్చి, తాళ్లు బిగించి, ఏ గాలి వచ్చినా కదలనట్టు నిలబెట్టాడు.

అతను తెచ్చిన ఘనమైన నల్ల విల్లుని మాత్రం ఆమె అతన్ని ముట్టుకోనివ్వలేదు. చిన్నపిల్లలు పట్టుకునే చెక్కవిల్లు ఇచ్చింది. కుడిచేత్తో పట్టుకుని ఎడమచేత్తో లాగాలి. అంతకాలం ఎడమచెయ్యి అతనికి ఒక పనికీ రాలేదు. గ్లాసు పట్టుకుంటే తొణికేది, చొక్కా గుండీ పెట్టబోతే పక్క కాజాలోకి వెళ్లేది. దాన్ని దారికి తేవడానికి ఎడమచేత్తో పళ్లు తోముకోవడం, తాళం తియ్యడం, కూరలో గరిటె తిప్పడం మొదలుపెట్టాడు. అన్నం మాత్రం కుడిచేత్తోనే తినండి బాబూ, మా అమ్మ వీడియో కాల్‌లో చూస్తే తల బాదుకుంటాది అని జ్యోతిలక్ష్మి షరతు పెట్టింది.

తోటలో మొదటి వారాలన్నీ ఒకటే పని. గడ్డిమోపుకి మూడడుగుల దూరంలో నిలబడి, కళ్లు మూసుకుని బాణం వదలడం. గురి లేదు, వలయం లేదు, జింక లేదు. గురి చూసే ఆత్రం మనిషిని పాడుచేస్తుంది, ముందు ఒళ్లు నేర్చుకోనీ అనేది అబ్లా. పాదాలు ఎక్కడ, భుజం ఎక్కడ, ఊపిరి ఎక్కడ అని చుట్టూ తిరుగుతూ చూసేది. భుజం లేస్తే విజిలు. ఒకరోజు అబూ సాలెం చూద్దామని వచ్చి, తన సేల్స్‌మన్ గడ్డిమోపు ముందు కళ్లు మూసుకుని నిలబడి ఉండటం చూసి, ఇతనికి ఒంట్లో బాగానే ఉందా అని అబ్లాని పక్కకి పిలిచి అడిగాడు.

డిసెంబరు వచ్చేసరికి కళ్లు తెరవనిచ్చింది. తర్వాత దూరం పెంచింది. తర్వాత, బిగువు బాగా తగ్గించి, ఎడమచేతివాళ్ల కాంపౌండ్ విల్లు ఒకటి ఇచ్చింది. బాణాలు వెళ్లాల్సిన చోటికి వెళ్లసాగాయి.

సెలవు దొరికిన శుక్రవారాల్లో జ్యోతిలక్ష్మి కూడా వెళ్లేది. పులిహోరో గారెలో డబ్బాలో పెట్టుకుని, వాటితోపాటు ఆవకాయ. అబ్లా రొట్టెతో ఆవకాయ నంజుకుని, కళ్లమ్మట నీళ్లు కారుతుండగానే మళ్లీ పెట్టించుకునేది. ఆడవాళ్లిద్దరూ డేరాలో కూర్చుంటే భీమరాజు ఎండలో నిలబడి బాణాలు వేసేవాడు. ఒకసారి భోజనాలయ్యాక జ్యోతిలక్ష్మి, చాలా రోజులుగా తన మనసులో ఉన్నది క్లినిక్కు అరబ్బీలో కూడబలుక్కుంటూ అడిగింది.

"అబ్లా, బాణం తగిలాక ఆ జంతువు ఎంతసేపట్లో చచ్చిపోతుంది?"

భీమరాజు చేతిలో గారె చేతిలోనే ఉంది. ఆ ప్రశ్న అతనెప్పుడూ అడగలేదు. తెల్లారగట్ల పొదలు కదలడం దాకా ఊహించుకున్నాడు గానీ ఆ తర్వాతి సంగతి అతని ఊహలో లేదు.

అబ్లా ఏమీ దాచలేదు. ఊపిరితిత్తుల్లో దిగితే నాలుగు దూకులు దూకి పడిపోతుంది, దానికి ఏమైందో తెలిసేలోపే అయిపోతుంది అంది. నాలుగు వేళ్లు అటో ఇటో అయితే రాత్రంతా పడుతుంది. పొద్దున వెతుక్కుంటూ వెళ్లాలి, ఒక్కోసారి దొరకదు కూడా. తొలినాళ్లలో తనకి ఒకసారి దొరకలేదట. అందుకే ఈ గడ్డిమోపు, అందుకే ఈ విజిలు అని ముగించింది. జ్యోతిలక్ష్మి తలూపింది. ఇంజక్షను ఎక్కడ చెయ్యాలో తెలియనివాడి చేతికి సూది ఇవ్వరు, అంతే కదా అంది తెలుగులో, మొగుడి వైపు చూసి.

ఆ వారమే అబ్లా, జంతువు లోపల ఏది ఎక్కడ ఉంటుందో కళ్లారా చూసి రమ్మంది. భీమరాజుకి వెంటనే మాబు గుర్తొచ్చాడు. వాళ్ల కింది అంతస్తులో ఉంటాడు, రాయచోటివాడు, అర్దియాలో మటన్ కొట్లో పని. సంగతి వినగానే మాబు చేతులు కడుక్కుని, బేరాల్లేని వేళ చూసి, కొక్కేనికి వేలాడుతున్న పొట్టేలు దగ్గరికి తీసుకెళ్లాడు. కబాబు చువ్వ ఒకటి తీసి ముందుకాలి వెనకాల పక్కనుంచి పెట్టి చూపించాడు.

"ఈడ సూడన్నా. పక్కనించి వస్తే పక్కటెముకలు సన్నంగా ఉంటాయి, రెండు తిత్తుల్లోంచీ బోతాది. ఎనకనించి వాలుగా వచ్చినా ఫర్వాలేదు. ఇంగ ఎదురుంగా నిలబడిందనుకో, ముందు ఎముక ఉంటాది, అది తప్పినా పేగుల్లోకి బోతాది. దానెమ్మ, అది సచ్చేదానికి ఎంత బాధ పడాల్నో."

చువ్వని అన్ని వైపుల నుంచీ పెట్టి చూపించాడు. కత్తి పట్టినవాడు గబుక్కున పని ముగించాలన్నా, మా నాయిన మొదట నేర్పించింది అదే అన్నాడు. కొట్టు యజమాని వచ్చి, కొనేది ఉందా లేదా అని అడిగేసరికి భీమరాజు కిలో మాంసం కట్టించుకుని ఇంటికెళ్లాడు.

జనవరి నెలాఖరుకి భీమరాజు చెయ్యి కుదిరింది. ఇరవై మీటర్ల నుంచి వేసిన బాణాలన్నీ అరచేతిలో పట్టేంత చోటులో దిగుతున్నాయి. నడక మారింది. దుకాణంలో విల్లు గురించి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ కూడా చెప్పసాగాడు. కంటి సంగతి, చేతి సంగతి, కళ్లు మూసుకోవడం సంగతి. గోడ మీది విల్లులు నిజంగానే అమ్ముడుపోవడం మొదలైంది. మొదటి రోజు నవ్వి వెళ్లిపోయిన ఆసామీ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చి కొనుక్కెళ్లాడు. ప్రయాణానికి నీ పేరే అనుకుంటున్నాం, అబ్లా సరేనంటే చాలు అని కూడా అన్నాడు. ఎస్టేటు వాళ్లకి ఆమె మాటంటే గురి. ఆమె వద్దన్నవాణ్ణి వాళ్లు వేటకి రానివ్వరు.

ఫిబ్రవరి మొదటి శుక్రవారం పరీక్ష. అబూ సాలెం వచ్చాడు, ఆసామీ, అతని తమ్ముడు వచ్చారు. తోటంతా తిరగాలి. ఎక్కడ ఏ బొమ్మ ఉందో చెప్పరు. కనిపించిన చోట ఆగి, వెయ్యాలో వద్దో తనే తేల్చుకోవాలి.

భీమరాజు మొదటి జింకని ఖర్జూరపు చెట్ల సందులోంచి వేశాడు, సరిగ్గా ముందుకాలి వెనకాల. పందిని వేశాడు. దుప్పి తోక ఇటు పెట్టి నిలబడి ఉంటే విల్లు దించేసి, వెయ్యనన్నాడు. అబ్లా తలూపింది. వెనక నడుస్తున్న వాళ్లు మెచ్చుకోలుగా గుసగుసలాడుకున్నారు. అలా తోట చివరికి వచ్చారు. అక్కడ సరుగుడు పొద పక్కన చిన్న జింక. తల ఎత్తి, సూటిగా అతన్నే చూస్తూ, ఎదురుగా నిలబడి ఉంది.

దగ్గర. చాలా దగ్గర. నారి లాగాడు. ఎదురుగా ఉందని తెలుసు. మాబు చువ్వ కూడా గుర్తొచ్చింది. కానీ చెయ్యి స్థిరంగా ఉంది, రొమ్ము మధ్య కనిపిస్తోంది, వెనక నలుగురు ఊపిరి బిగపట్టి చూస్తున్నారు. బాణం వెళ్లిపోయింది. రొమ్ము నడిమధ్యలో దిగింది. ఆసామీ తమ్ముడు చప్పట్లు కొట్టాడు.

అబ్లా వెళ్లి బాణం లాగి తీసుకొచ్చింది. అతని చేతికిచ్చి, ఖలాస్ అంది.

"చెయ్యి నేర్చుకుంది. నువ్వింకా నేర్చుకోలేదు. ఈ ఏడు వద్దు."

అరవలేదు. అరిచి ఉంటే బాగుండుననిపించింది భీమరాజుకి. అబూ సాలెం కలగజేసుకుని, బొమ్మే కదా, నడిమధ్యలో తగిలింది కదా అని నచ్చజెప్పబోయాడు. ఆమె చాయ్ కలపడానికి వెళ్లిపోయింది.

తిరుగుదారిలో కారులో అబూ సాలెం ఓదార్చాడు. ఆవిడ అనుమతి లేకపోతే ఏం, నా టిక్కెట్టు, నా మనిషివి. వేటగాడిగా రానివ్వకపోతే విల్లులు చూసే పనివాడిగా రా, అక్కడికెళ్లాక ఎవరు చూడొచ్చారు, యల్లా, సామాను సర్దుకో అన్నాడు. మనిషి మంచివాడు, మంచికే అన్నాడు. భీమరాజు ఇంటికెళ్లి చెబుతానన్నాడు.

ఇంట్లో జ్యోతిలక్ష్మికి ఏదీ దాచకుండా చెప్పాడు. వెళ్లమనీ అనలేదు, వద్దనీ అనలేదు ఆమె. వెయ్యకూడదని తెలుసు కదా, మరెందుకు వేశారని మాత్రం అడిగింది.

"అందరూ చూత్తన్నారని," అన్నాడు. "అక్కడా నలుగురూ ఉంటారు. నిజం జింక ఉంటాది. మళ్లీ ఏసేత్తానేమో అని బయంగా ఉంది జ్యోతీ."

ఆమె అతని భుజం మీద చెయ్యి వేసి, అయితే ఎళ్లకండి అంది. మర్నాడు అబూ సాలెంకి అదే చెప్పాడు. వెళ్లేవాళ్ల విల్లులన్నీ సరిచూసి, నారులకి మైనం రాసి, పెట్టెల్లో సర్ది, విమానాశ్రయం దాకా వెళ్లి సాగనంపి వచ్చాడు. ఉత్సాహంగా చెయ్యి ఊపాడు గానీ, కారు పార్కింగులో స్టీరింగు పట్టుకుని కాసేపు ఊరికే కూర్చున్నాడు.

ఆ శుక్రవారం తోటకి వెళ్లాలో లేదో తేల్చుకోలేక, మామూలు కన్నా ముందే లేచి వెళ్లిపోయాడు. దారంతా పొగమంచు. తోటలో నాలుగు చెట్ల అవతల ఏమీ కనబడటం లేదు. అబ్లా లోపల నమాజులో ఉంది. బొమ్మల స్థానాలు ఆమె ప్రతి వారం మారుస్తుంది కాబట్టి, ఈసారి ఎక్కడెక్కడ పెట్టిందో చూద్దామని విల్లు తీసుకుని ఒక్కడే నడిచాడు.

గడ్డిమోపుల దగ్గర, మంచులో, పక్కకి తిరిగి ఒక ఆకారం ఉంది. పక్కవాటంగా, ముందుకాలి వెనక భాగం అందంగా కనిపించేలా. ఎవరూ చూడటం లేదు. దూరం సరిపోయింది. బాణం నారికి తగిలించి లాగాడు. గురి కుదిరింది. అయినా ఏదో నచ్చలేదు. ఈ జంతువు ఏదో తెలియడం లేదు. జింకకి కొమ్ములేవి? ఇది బొమ్మయితే దీని వెనక ఏముంది? భుజాలు మండుతున్నా ఆగాడు. నారిని వదలకుండానే మెల్లగా ముందుకి రానిచ్చి, విల్లు దించాడు.

ఆకారం గడ్డి నములుతూ తలెత్తి, మే అంది.

భీమరాజు అక్కడే ఇసకలో కూర్చుండిపోయాడు. అదే సమయానికి మోపుల వెనకనుంచి ఒక మనిషి, తలకి తువ్వాలు చుట్టుకుని, కర్రతో వచ్చాడు. సరిగ్గా బాణం వెళ్లే దారిలోనే.

"ఈడుందా ఇది! తెల్లారినప్పటి నుంచి ఎతుకుతాండా," అన్నాడు తనలో తను. తర్వాత భీమరాజునీ చేతిలో విల్లునీ చూసి ఆగి, కంగారులో తెలుగులోనే అడిగేశాడు. "ఏమన్నా, ఏసేద్దామనుకుంటివా దీన్ని?"

లేదన్నాడు భీమరాజు. విల్లుని నేల మీద పెట్టేశాడు. ఆ మనిషి పేరు వెంకటరాముడు, రాజంపేట దగ్గరివాడు, పక్క తోటలో గొర్రెల్ని చూస్తాడు. తెలుగువాడని తెలియగానే వచ్చి పక్కన చతికిలబడ్డాడు. కంచె కింద సందు చేసుకుని ఈ ఒక్కటే రోజూ ఇటొస్తాదని, దీనికి బుద్ధి లేదని, తనని పనికి తెచ్చుకున్న కఫీల్‌కి తెలిస్తే చీవాట్లని చెప్పుకొచ్చాడు. భీమరాజు వింటున్నాడు గానీ చూపంతా ఆ మనిషి నిలబడి వచ్చిన చోటు మీదే ఉంది.

అబ్లా ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. గొర్రెనీ, మనుషులిద్దర్నీ, నేల మీదున్న విల్లునీ చూసింది. భీమరాజు జరిగింది జరిగినట్టు చెప్పాడు. లాగానని, గురి కుదిరిందని, దించేశానని.

"చెయ్యి వణికిందా?" అని అడిగింది.

"అప్పుడు కాదు. ఇప్పుడు వణుకుతోంది."

ఆమె చాయ్ పోసి ముందు వెంకటరాముడికిచ్చింది, తర్వాత భీమరాజుకి. తనూ ఒకటి పోసుకుని గడ్డిమోపు మీద కూర్చుంది. వచ్చే ఏడు నేనూ వెళ్తున్నాను, నాకు తోడు నువ్వు రా అంది. గడ్డి నమిలే గొర్రె మీదే చూపు పెట్టి, మామూలు సంగతి చెప్పినట్టు చెప్పింది. ఈ సంవత్సరమంతా మాత్రం ఒక్క శుక్రవారం మానడానికి వీల్లేదని, కొత్తగా ముగ్గురు నేర్చుకోవడానికి వస్తున్నారని, వాళ్ల భుజాలు చూసే పని ఇకనుంచి నీదని కూడా అంది.

భీమరాజు జ్యోతిలక్ష్మికి ఫోను చేశాడు. ఆమె డ్యూటీకి బయల్దేరుతోంది. మొత్తం విని, ముందు ఆ గొర్రెలాయన బాగానే ఉన్నాడా అని అడిగింది. నా పక్కనే చాయ్ తాగుతున్నాడని చెబితే, వచ్చే శుక్రవారం డబ్బా ఇంకొకరికి సరిపడా పెడతానంది.

మంచు విడిపోతోంది. వెంకటరాముడు గొర్రెని మెడ పట్టుకుని కంచె వైపు ఈడ్చుకెళ్తున్నాడు. అది నాలుగు కాళ్లూ తన్నిపెట్టి కదలనంటోంది. భీమరాజు గ్లాసు కింద పెట్టి, లేచి వెళ్లి వెనకనుంచి తొయ్యసాగాడు.